బ్యాక్టీరియా విషాలు: కణంలో చేసే హాని, అడ్డుకునే మార్గాలు

కొన్ని జాతుల బ్యాక్టీరియా తయారుచేసే, మన కణాల పనిని చెడగొట్టే లేదా కణాలనే చంపే పదార్థాలను బ్యాక్టీరియా విషాలు అంటారు. కంఠసర్పి, ధనుర్వాతం, కలరా, పశువులకు వచ్చే దొమ్మ (ఆంత్రాక్స్), గొర్రెలకు వచ్చే చిటుకు రోగం, ఇవన్నీ ఒకదానికొకటి పోలిక లేని జబ్బులుగా కనిపిస్తాయి. అయితే వీటన్నిటిలోనూ ప్రాణం మీదికి తెచ్చేది బ్యాక్టీరియా విడిచిన విషమే. ధనుర్వాత విషమూ, బోట్యులినమ్ విషమూ కిలో బరువుకు ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు ఒంట్లోకి చేరినా ప్రాణం పోవచ్చు. ఇంత కొద్ది మోతాదు ఇంత హాని చేయడానికి రెండు కారణాలున్నాయి. ఈ విషాల్లో ఎక్కువ భాగం ఎంజైములు; ఒక్క అణువు అదే రసాయన చర్యను వేలసార్లు చేయగలదు. రెండోది, అవి కణంలోకి వెళ్ళడానికి కణం తన అవసరాల కోసం పెట్టుకున్న గ్రాహకాలనూ, ఎంజైములనూ, రవాణా మార్గాలనూ వాడుకుంటాయి. ఈ రెండు కారణాలనూ కలిపి చూస్తే చికిత్సకు సంబంధించిన ముఖ్యమైన సూత్రం ఒకటి తేలుతుంది: విషాన్ని నమ్మకంగా ఆపగలిగే చోటు కణానికి బయటే. కణంలో దిగిన తర్వాత విషాన్ని పట్టుకోవడం కష్టం, దాని పర్యవసానాన్ని సరిదిద్దడం కొన్నిసార్లు సాధ్యం. టీకాలు, ప్రతివిషాలు, కొత్త మందులు గత 130 ఏళ్ళలో ఎక్కడ గెలిచాయో, ఎక్కడ ఓడాయో చూస్తే ఈ సూత్రానికి సాక్ష్యం దొరుకుతుంది.

ఇక్కడ చర్చించేది బ్యాక్టీరియా బయటికి విడిచే ప్రొటీన్ల గురించి. వీటిని బహిర్విషాలు అంటారు. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలో భాగంగా ఉండే అంతర్విషం వేరు. అది కణాన్ని నేరుగా కోయదు, మన రక్షణ వ్యవస్థను అదుపు తప్పేలా రెచ్చగొడుతుంది. హానిలో పెద్ద భాగం మన సొంత ప్రతిస్పందన వల్లే కలుగుతుంది. దాన్ని అడ్డుకోవడానికి చేసిన ప్రయత్నాలు ఆసుపత్రి పరీక్షల్లో నిరాశనే మిగిల్చాయి.

విషమే కారణమని తేలిన తీరు

1883లో ఎడ్విన్ క్లెబ్స్ కంఠసర్పి బాసిల్లస్‌ను గుర్తించాడు. మరుసటి ఏడు ఫ్రెడరిక్ లోఫ్లర్ దాన్ని విడిగా పెంచాడు. చనిపోయిన రోగుల్లో ఆ బాసిల్లస్ గొంతులోని తెల్లటి పొరలోనే కనిపించింది. దెబ్బతిన్నవి మాత్రం గుండె, మూత్రపిండాలు, నరాలు. దూరంగా ఉన్న అవయవాలను బ్యాక్టీరియా చేరకుండానే ఏదో పాడుచేస్తోందని లోఫ్లర్ ఊహించాడు. 1888లో పారిస్ పాస్టర్ సంస్థలో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ బాసిల్లస్‌ను పెంచిన ద్రవాన్ని వడపోసి, ఒక్క బ్యాక్టీరియా కూడా లేని ఆ వడపోత నీటిని జంతువులకు ఎక్కించారు. జంతువులు కంఠసర్పి లక్షణాలతోనే చనిపోయాయి. విషం బ్యాక్టీరియా నుంచి విడివడి తిరిగే వస్తువని అలా రుజువైంది.

కలరా విషయంలో ఈ రుజువుకు చాలా కాలం పట్టింది. 1884లో కలకత్తాలో కలరా బాసిల్లస్‌ను వేరుచేసిన రాబర్ట్ కోహ్ అప్పుడే విషాన్ని అనుమానించాడు. తర్వాత చాలామంది ఆ విషాన్ని జంతువుల రక్తంలోకి ఎక్కించి వెతికారు. కలకత్తాకే చెందిన శంభునాథ్ దే దాన్ని పేగులోనే వెతికాడు. మత్తిచ్చిన కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివరలా దారంతో బిగించి కట్టి, ఆ భాగంలోకి కలరా బ్యాక్టీరియాను ఎక్కించేవాడు. మర్నాటికి ఆ పేగు ముక్క గంజి లాంటి ద్రవంతో ఉబ్బిపోయి ఉండేది. పక్కన కట్టిన ముక్క, బ్యాక్టీరియా వేయనిది, చదునుగానే ఉండేది. 1959లో ఆయన బ్యాక్టీరియా లేని వడపోత ద్రవంతోనే అదే ఉబ్బును రప్పించి, ఫలితాన్ని నేచర్ పత్రికలో ప్రకటించాడు. పేగులోకి నీరు పారడానికి బ్యాక్టీరియా విడిచిన విషమే కారణమని దాంతో అర్థమైంది.

చికిత్సకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఆంత్రాక్స్ నుంచి వచ్చింది. 1950ల్లో ఇంగ్లండులో హ్యారీ స్మిత్, జేమ్స్ కెప్పీ బృందం ఆంత్రాక్స్ సోకిన గినీ పందులకు వేర్వేరు సమయాల్లో స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసింది. ఒక హద్దు దాటకముందు ఇస్తే జంతువు బతికింది. ఆ హద్దు దాటాక మందు రక్తంలోని బ్యాక్టీరియాను తుడిచిపెట్టినా జంతువు చనిపోయింది. చావుకు దగ్గరపడిన జంతువుల రక్తరసిలో విషం ఉందని వాళ్ళు 1954లో చూపారు. బ్యాక్టీరియాను చంపడం, రోగిని బతికించడం వేర్వేరు పనులుగా విడిపోయే ఘడియ ఒకటి ఉంటుందని ఆ ప్రయోగం నేర్పింది.

దాడి తీరులు

బహిర్విషాలను పనితీరును బట్టి రెండు పెద్ద వర్గాలుగా చూడవచ్చు. మొదటివి కణత్వచానికి రంధ్రాలు పెడతాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్ విడిచే ఆల్ఫా విషం విడి అణువులుగా వచ్చి, కణం మీద ఏడేసి చొప్పున వలయంగా చేరి, పొరను తొలుచుకుని దిగుతుంది. లోపలి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పారి కణం కుప్పకూలుతుంది. మన గొర్రెల కాపరులు చిటుకు రోగం అని పిలిచే జబ్బుకు కారణమైన ఎప్సిలాన్ విషమూ ఈ కోవదే. తొలకరి తర్వాత లేత పచ్చిక విపరీతంగా మేసిన గొర్రె పేగులో క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ ఒక్కసారిగా పెరిగి దీన్ని వదులుతుంది. విడుదలైనప్పుడు అది దాదాపు నిర్వీర్యం. గొర్రె సొంత జీర్ణరసంలోని ట్రిప్సిన్ దాని కొసను కత్తిరించాకే దానికి చంపే శక్తి వస్తుంది. అక్కడి నుంచి రక్తంలోకి చేరి మెదడునూ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చిపడి ఉండటం అందువల్లే. మందు పెట్టే వ్యవధి ఉండదు కాబట్టే వానలకు ముందు టీకా వేయిస్తారు.

రెండో వర్గం విషాలు కణం లోపలికి ఒక ఎంజైమును పంపుతాయి. వీటిలో రెండు భాగాలుంటాయి. బి భాగం కణం మీది గ్రాహకాన్ని పట్టుకుని దారి చూపుతుంది. ఏ భాగం లోపలికి దిగి పని చెడగొడుతుంది. కంఠసర్పి, కలరా, రక్తవిరేచనాలు తెప్పించే షిగా, ధనుర్వాతం, బోట్యులినమ్, ఆంత్రాక్స్ విషాలన్నీ ఇలాంటివే. వాటి ప్రయాణాన్ని అడుగడుగునా చూడాలంటే ఆంత్రాక్స్ విషాన్ని మించిన ఉదాహరణ లేదు.

ఆంత్రాక్స్ విషం ప్రయాణం

ఆంత్రాక్స్ విషం మూడు ప్రొటీన్ల కూటమి. రక్షక యాంటిజన్, మారక కారకం, వాపు కారకం అని వాటి పేర్లు. మొదటిదాన్ని టీకాగా ఇస్తే జంతువులు తట్టుకున్నాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. నిజానికి మిగతా రెండింటికీ తలుపు తెరిచేది అదే. రక్తంలో తిరిగే రక్షక యాంటిజన్ ముందుగా కణం మీది గ్రాహకానికి అంటుకుంటుంది. అలాంటి గ్రాహకాలను 2001లో ఒకటి, 2003లో ఇంకొకటి గుర్తించారు. అంటుకోగానే ఫ్యూరిన్ అనే మన కణపు ఎంజైము దాని కొసను కోస్తుంది. కోత పడ్డ ముక్కలు ఏడు, కొన్నిసార్లు ఎనిమిది, వలయంగా కూడతాయి. మారక కారకం, వాపు కారకం వచ్చి ఆ వలయం మీద కూర్చుంటాయి. కణం ఈ మొత్తాన్ని పోషక పదార్థాన్ని మింగినట్టే చిన్న సంచిలోకి లాక్కుంటుంది. సంచిలో ఆమ్లత పెరగడం కణానికి మామూలు ప్రక్రియ; వలయానికి మాత్రం అది సంకేతం. ఆమ్లత తగలగానే వలయం ఆకారం మార్చుకుని సంచి పొరలోకి గొట్టంలా దిగుతుంది.

ఆ గొట్టం ఎంత ఇరుకంటే మడతపడిన ప్రొటీను అందులో పట్టదు. మారక కారకం తన మడతలు విప్పుకుని, పొడవాటి గొలుసుగా మారి దూరాలి. దారి మధ్యలో, ఏడు ఉపభాగాల్లోనూ 427వ స్థానంలో ఉన్న ఫినైల్ అలనిన్ అణువులు ఒక వలయంగా చేరి గొలుసును బిగించి పట్టుకుంటూ ముందుకు జరగనిస్తాయని 2005లో తేలింది. అవతల పక్కకు చేరాక గొలుసు మళ్ళీ మడతపడి పనిలో దిగుతుంది. మారక కారకం జింకు సాయంతో పనిచేసే ప్రొటీన్ కత్తెర. కణంలో సంకేతాలను అందించే మ్యాప్ కైనేజ్ కైనేజ్ ప్రొటీన్లను తెంపుతుంది. వాపు కారకం కాల్మోడ్యులిన్ అనే మన ప్రొటీన్ తోడైతేనే మేల్కొని, చక్రీయ ఏఎంపీ అనే సంకేత పదార్థాన్ని కణంలో ముంచెత్తుతుంది. ముందుగా మూగబోయేవి రక్షణ కణాలు; బ్యాక్టీరియా అడ్డూ అదుపూ లేకుండా పెరగడానికి దారి తెరుచుకుంటుంది. గ్రాహకం, ఫ్యూరిన్, సంచి, ఆమ్లత, కాల్మోడ్యులిన్ అన్నీ మనవే. విషం తెచ్చుకున్నది కొద్దిపాటి సరంజామా మాత్రమే.

లోపలికి దిగాక

కంఠసర్పి విషంలోని ఏ భాగం కణద్రవంలోకి చేరి, ప్రొటీన్ల తయారీకి తప్పనిసరైన ఈఎఫ్-2 అనే కారకానికి ఏడీపీ రైబోజ్‌ను తగిలిస్తుంది. ఆ కారకం శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది, కణం చనిపోతుంది. 1978లో జపాన్ శాస్త్రవేత్తలు ఏ భాగాన్ని లెక్కగట్టి కణాల్లోకి పంపి, ఒక్క అణువు చేరినా కణం చావగలదని చూపారు. షిగా విషం ప్రొటీన్లు తయారయ్యే రైబోజోమ్‌లోనే, దాని ఆర్ఎన్ఏ నుంచి ఒక్క అడినిన్‌ను తొలగించి అదే ఫలితం సాధిస్తుంది. కలరా విషం కణాన్ని చంపదు; చక్రీయ ఏఎంపీ తయారీని నడిపే మీటను తెరిచిన స్థితిలో బిగించేస్తుంది. దాంతో క్లోరైడ్, దాని వెంట నీరు, గంటకు లీటరు దాకా పేగులోకి పారిపోతాయి. ధనుర్వాత విషం, బోట్యులినమ్ విషం నరాల కొసల్లో సంకేతాలను విడుదల చేసే ప్రొటీన్లను కత్తిరిస్తాయి. మొదటిది కండరాలను సడలించే నరాల నోరు నొక్కి ఒళ్ళంతా బిగదీస్తుంది. రెండోది కండరాలను కదిలించే నరాలనే నొక్కి ఒళ్ళంతా సడలిస్తుంది.

ఒక్క అణువు చాలు అన్న సంగతి మందు తయారుచేసేవారికి కఠినమైన షరతు పెడుతుంది. కణంలోని విషంలో నూటికి తొంభై వంతులు ఆపినా మిగిలిన పది వంతులే పని పూర్తిచేయవచ్చు. కణం బయట పరిస్థితి వేరు. అక్కడ విషం విడిగా తేలుతుంటుంది, రక్తంలోని యాంటీబాడీలకు చిక్కుతుంది, ప్రతి అడుగుకూ మరొకరి సాయం కోసం ఆగుతుంది.

ఆపే మార్గాలు

మొదటి విజయం సరిగ్గా ఈ బయటి దశలోనే వచ్చింది. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కితసాతో షిబాసబురో కొద్దికొద్దిగా విషం ఇచ్చి తట్టుకునేలా చేసిన జంతువుల రక్తరసిలో ఆ విషాన్ని నిర్వీర్యం చేసే గుణం ఉందని చూపారు. 1901లో వైద్యశాస్త్రానికి ఇచ్చిన తొలి నోబెల్ బహుమతి బేరింగ్‌కు దక్కింది ఇందుకే. గుర్రాల రక్తరసి నుంచి తీసిన ఈ ప్రతివిషం కంఠసర్పి మరణాలను బాగా తగ్గించింది, కాకపోతే ఒక షరతుతో: జబ్బు మొదటి రోజుల్లోనే ఇవ్వాలి. ఆలస్యమైన ప్రతి రోజూ దాని మేలు తరిగిపోతుంది, ఎందుకంటే కణంలోకి దిగిన విషాన్ని యాంటీబాడీ అందుకోలేదు. ధనుర్వాతంలోనూ, బోట్యులిజంలోనూ ఇంతే. ప్రతివిషం కొత్త నష్టాన్ని ఆపుతుంది, వచ్చిన పక్షవాతాన్ని వెనక్కి తీయదు. అందుకే ఆ రోగులు నరాలు కోలుకునేదాకా వెంటిలేటర్ మీద వారాలు గడపాల్సి వస్తుంది.

ఆలస్యం సమస్యకు సరైన జవాబు యాంటీబాడీని ముందే సిద్ధంగా ఉంచడం. 1920ల్లో గాస్టన్ రామోన్ ఫార్మాలిన్, వేడి కలిపి విషపు కోరలు తీసేసి, ఆకారాన్ని మాత్రం మిగిల్చాడు. అదే టాక్సాయిడ్. ధనుర్వాతం ఒకసారి వచ్చి తగ్గినవారికి కూడా రక్షణ రాదు. చంపగల మోతాదు రక్షణ వ్యవస్థ గుర్తుపట్టగల మోతాదు కంటే తక్కువ. జబ్బు ఇవ్వలేని రక్షణను టాక్సాయిడ్ ఇస్తుంది. తల్లులకు టాక్సాయిడ్ ఇవ్వడం, శుభ్రమైన కాన్పులు కలిసి మన దేశంలో బాలింతల, పసికందుల ధనుర్వాతాన్ని ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి దించాయి. 2015లో అది అధికారికంగా ధ్రువపడింది.

ఆంత్రాక్స్ ప్రయాణంలోని ప్రతి మజిలీ దగ్గరా పరిశోధకులు కాపు కాశారు. రాక్సిబాక్యుమాబ్ అనే మోనోక్లోనల్ యాంటీబాడీ రక్షక యాంటిజన్‌ను గ్రాహకానికి అంటకుండా పట్టుకుంటుంది. 2012లో అమెరికాలో అనుమతి పొందింది. 2001లో ఒక బృందం రక్షక యాంటిజన్‌లో మార్పు చేసి వలయంలో కలిపింది. ఏడింటిలో ఒకటి చెడ్డదైనా గొట్టం దిగదు, ఎలుకలు బతికాయి. 2005లో ఇంకో బృందం గొట్టం ఏడు మూలల ఆకారాన్నే ఆధారం చేసుకుంది. బీటా సైక్లోడెక్‌స్ట్రిన్ ఏడు గ్లూకోజుల వలయం. దాని ఏడు కొసలకూ ధనావేశమున్న కొమ్మలు తగిలిస్తే అది గొట్టం నోట్లో బిరడాలా కూర్చుంది. కణంలో దిగడానికి ముందున్న చివరి ద్వారం అది.

బయట ఆపలేకపోతే మిగిలేది పర్యవసానాన్ని దిద్దడం. దీనికి గొప్ప ఉదాహరణ కలరా. విషం క్లోరైడ్ మార్గాన్ని తెరిచిపెట్టినా, గ్లూకోజుతో పాటు సోడియంను లోపలికి లాగే మార్గాన్ని ముట్టుకోదు. ఉప్పు, చక్కెర తగు పాళ్ళలో కలిపిన నీరు ఆ మార్గం గుండా ఒంటికి చేరుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఈ నీటిని డ్రమ్ముల్లో కలిపి ఇప్పించాడు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. విషాన్ని ఎవరూ తాకలేదు. పేగు కణాలు కొద్ది రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి, అప్పటిదాకా రోగిని నిలబెడితే చాలు. చచ్చిన గుండె కణానికి ఈ వెసులుబాటు లేదు; దెబ్బతిన్న నరపు కొసకు వారాలు పడుతుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

బ్యాక్టీరియానే తొందరగా చంపేస్తే విషం బెడద ఉండదు కదా అన్నది మొదటి అభ్యంతరం. తొలి గంటల్లో ఇది నిజమే, యాంటీబయోటిక్ మానరాదు. అయితే గినీ పందుల ప్రయోగం చూపిన హద్దు మనుషుల్లోనూ ఉంది. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ ఉత్తరాల దాడిలో ఊపిరితిత్తుల జబ్బు వచ్చిన 11 మందిలో ఐదుగురు చనిపోయారు. షిగా విషం విడిచే ఈ.కోలై విషయంలో అయితే కొన్ని యాంటీబయోటిక్‌లు విషాన్ని పెంచుతాయి కూడా. ఆ విషపు జన్యువు బ్యాక్టీరియాలో దాగిన వైరస్‌ది. డీఎన్ఏ దెబ్బతినగానే వైరస్ మేల్కొని విషంతో సహా బయటపడుతుంది. అందువల్ల బ్యాక్టీరియాను చంపే మందునే కాక, ప్రొటీన్ తయారీని ఆపే మందును కూడా ఎంచుకోవాల్సిన సందర్భాలున్నాయి. స్ట్రెప్టోకాకస్ విషాఘాతంలో పెన్సిలిన్‌కు క్లిండమైసిన్ జోడించడం ఈ ఆలోచనే.

బయట ఆపడమే మేలైతే షిగా విషాన్ని పేగులోనే పీల్చుకునే మందు ఎందుకు విఫలమైందని మరికొందరు అడగవచ్చు. విషం గ్రాహకాన్ని పోలిన చక్కెరలతో చేసిన ఆ మందును రక్తవిరేచనాల తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటున్న పిల్లలకు ఇచ్చి చూశారు. 2003లో వెలువడిన ఫలితాల్లో మేలు కనిపించలేదు. ఆ పిల్లలు ఆసుపత్రికి చేరేసరికే విషం పేగు దాటి మూత్రపిండాల కణాలకు చేరింది. ఇది సూత్రాన్ని ఖండించదు, దాని హద్దును చెబుతుంది: సరైన చోటు ఒక్కటే చాలదు, సరైన ఘడియ కూడా కావాలి.

రక్షక యాంటిజన్ మీది యాంటీబాడీలు జబ్బును ఆపుతాయా అని మనుషుల్లో పరీక్షించలేదన్న అభ్యంతరం బరువైనదే. ఎవరికీ కావాలని ఆంత్రాక్స్ ఎక్కించలేం కాబట్టి కుందేళ్ళ, కోతుల ఫలితాల మీదే అనుమతి ఇచ్చారు. యాంటీబయోటిక్ ఒక్కటే ఇచ్చిన కుందేళ్ళలో 65 శాతం, దానికి రాక్సిబాక్యుమాబ్ జోడించినవాటిలో 82 శాతం బతికాయి. కుందేళ్ళ సంఖ్య ఒక్కో గుంపులో నలభైకి మించలేదు, తేడా అనుకోకుండా వచ్చే అవకాశాన్ని పూర్తిగా కొట్టేయలేం. అయినా విషం ప్రయాణం గురించి తెలిసినదంతా ఈ ఫలితం దిశనే చూపుతోంది. క్లోస్ట్రీడియం డిఫిసిల్ విషం మీది బెజ్లోటాక్సుమాబ్‌ను మాత్రం మనుషుల్లోనే పరీక్షించారు. జబ్బు తిరగబెట్టడం సుమారు 27 శాతం నుంచి 17 శాతానికి తగ్గింది.

ఫ్యూరిన్‌ను ఆపితే ఆంత్రాక్స్, కంఠసర్పి, షిగా విషాలన్నిటికీ ఒకే మందు దొరుకుతుంది కదా అనే వాదన ఆకర్షణీయమైనది. ఫ్యూరిన్ మన హార్మోన్లకూ, గ్రాహకాలకూ కూడా అవసరం కాబట్టి అలాంటి మందును కొద్ది రోజులకే పరిమితం చేయాలి, ఎంత ఆపితే మనకు చేటు రాదో ముందు తేల్చాలి. యాంటీబాడీలకు దీనికి విరుద్ధమైన లోపముంది: అవి మరీ ప్రత్యేకమైనవి. బోట్యులినమ్ విషంలో ఏ నుంచి జీ దాకా ఏడు రకాలుంటే, ఒక రకం ప్రతివిషం మరో రకానికి పనిచేయదు.

కణం లోపల ఇక ఏమీ చేయలేమా? పూర్తిగా అలా అనలేం. బోట్యులినమ్ ఎంజైము నరపు కొసలో నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి ఆలస్యంగా ఆపినా లాభముంటుంది. 2021లో రెండు బృందాలు కోరలు తీసిన బోట్యులినమ్ విషానికే చిన్న యాంటీబాడీలను తగిలించి నరకణాల్లోకి పంపాయి. పక్షవాతం వచ్చాక ఇచ్చినా జంతువులు కోలుకున్నాయి. లోపలికి చేరడానికి విషం దారినే వాడుకోవాల్సి రావడం గమనించదగ్గది. విషం ఎంతకాలం నిలుస్తుంది, కణం తిరిగి మొలకెత్తుతుందా అన్నదాన్ని బట్టి లోపలి చికిత్సకు విలువ ఉంటుంది. కంఠసర్పిలో రెండు జవాబులూ మనకు అనుకూలం కావు.

ఆచరణలో

ఈ జ్ఞానానికి తెలుగు ప్రాంతాలతో నేరుగా సంబంధముంది. విశాఖ ఏజెన్సీలో దొమ్మతో చచ్చిన పశువును కోసి మాంసం పంచుకున్నవారికి చర్మపు ఆంత్రాక్స్ సోకిన ఘటనలు పలుమార్లు నమోదయ్యాయి. పశువుకు ఏటా టీకా వేయించడం, చచ్చిన పశువును కోయకుండా లోతుగా పూడ్చడం అక్కడ ఏ కొత్త మందుకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడతాయి. హైదరాబాదులో 2003–2006 మధ్య కంఠసర్పి వదలకుండా కొనసాగింది. ఆ నగరంలోనే శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన కలరా నోటి టీకా 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొంది ఎన్నో దేశాలకు వెళ్ళింది. టీకా తయారుచేయగల సామర్థ్యం, టీకా అందరికీ అందడం ఒకటి కావని ఈ రెండు వాస్తవాలూ కలిసి చెబుతున్నాయి.

కంఠసర్పి ప్రతివిషానికి ప్రపంచమంతటా కొరత ఉంది. జబ్బు అరుదవుతున్న కొద్దీ తయారీదారులు తప్పుకుంటున్నారు. బెజ్లోటాక్సుమాబ్ అమ్మకం కూడా 2025లో ఆగిపోయింది. విషాన్ని ఆపే మందులను సంత గిరాకీకి వదిలేస్తే అవసరమైన రోజున దొరకవు. వాటిని అగ్నిమాపక వాహనాల్లా ప్రభుత్వమే నిల్వ ఉంచాలి. అంతకంటే ముందు, పసిపిల్లలకు 6, 10, 14 వారాల సూదులు వేయించి ఆగిపోయే కుటుంబాలు, ఏడాదిన్నర వయసులో, ఐదేళ్ళు దాటాక, మళ్ళీ 10, 16 ఏళ్ళకు ఇచ్చే బూస్టర్లను కూడా వేయించాలి. తొలి సూదుల నుంచి వచ్చిన యాంటీబాడీలు ఏళ్ళ మీద తరిగిపోతాయి. విషం గ్రాహకాన్ని తాకకముందే దాన్ని పట్టుకునే యాంటీబాడీ రక్తంలో సిద్ధంగా ఉందా లేదా అన్నదాని మీదే ఈ జబ్బుల్లో బతుకూ చావూ ఆధారపడతాయి. ఆ ఏర్పాటు మాత్రం జబ్బు రాకముందే చేసుకోవాలి.